యార్డు గోలలో తెలుగులో చెప్పిన ధరలు యాప్‌లో తప్పుగా పడుతున్నాయి, దారి చెప్పగలరా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ దుకాణాల కోసం ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నాను. ఇదివరకు ఫారం ఇస్తే టైపు చేసేవాళ్ళు. ఇప్పుడు గుమస్తాలందరికీ వాట్సాప్ వాయిస్ అలవాటైంది, "నేను చెప్తా, అదే రాసుకోవాల" అంటున్నారు. అడిగేది న్యాయమే. ఒక చేతిలో చీటీల కట్ట, పక్కనే కాటా, టైపు చేసే తీరికెక్కడ? నా పనిలో సగం ఇప్పుడు కోడ్ కాదు, వాళ్ళు మాట్లాడే తీరు వినడమే.

ఆండ్రాయిడ్ స్పీచ్ రికగ్నైజర్‌లో (మాటను రాతగా మార్చేది) భాష తెలుగు (ఇండియా) అని పెట్టాను. ఇంట్లో బాగానే పనిచేస్తుంది. వేలం వేళ మాత్రం "పద్నైదు వందల యాభై" అంటే ఒకసారి 1550, ఒకసారి 1500 50, ఒక్కోసారి ఒట్టి 50 వస్తోంది. పేరు తప్పితే దిద్దుకోవచ్చు, ధర తప్పితే రైతు డబ్బు పోతుంది.

ఇయర్‌ఫోన్ మైకు పెట్టి చూశాను, రొద తగ్గింది గానీ అంకెలు బాగుపడలేదు. ఒకే మాటకు రికగ్నైజర్ ఇచ్చే ప్రత్యామ్నాయాలన్నీ తీసుకుని, ఆ రోజు కనిష్ఠ, గరిష్ఠ ధరల మధ్య లేనివి తీసేశాను. 1450, 1550 రెండూ ఆ మధ్యే ఉంటే తేలడం లేదు. తిరిగి చదివి వినిపిస్తే గోలలో వినపడదు.

రాయలసీమ యాసలో చెప్పే ధరలను, తూకాలను అంకెలుగా సరిగ్గా పట్టే పద్ధతి గానీ మోడల్ గానీ మీరు వాడుతుంటే, అది ఏది?