పీసీపీకి కంప్రెసర్: చిన్నదా, పెద్దదా, అసలు కావాలా?

కొత్తగురి:
అందరికీ నమస్తే. పీసీపీ రైఫిల్ (నొక్కిన గాలిని ముందే సిలిండర్లో నింపుకుని కాల్చే ఎయిర్ రైఫిల్) తీసుకుని రెండు నెలలైంది. సిలిండర్ 200 సీసీ, 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) దాకా నింపుతాను, ప్రతి షాటుకీ ఒత్తిడి ఒకేలా ఉంచే రెగ్యులేటర్ 130 మీద ఉంది కాబట్టి 140కి రాగానే ఆపేస్తాను. ఇన్నాళ్ళూ ఒకరి దగ్గర తెచ్చుకున్న హ్యాండ్ పంపుతో నెట్టుకొచ్చా, అది తిరిగిచ్చేయాలి. కంప్రెసర్ కొందామంటే రెండు రకాలు కనిపిస్తున్నాయి: కారు బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల చిన్నది, పక్కన బకెట్లో నీళ్ళు పెట్టి నడిపే పెద్దది. వారానికి రెండు రోజులు కాలుస్తాను, రోజుకు రెండు మూడు ఫిల్లులు. ఏది తీసుకోమంటారు? ఇంట్లో టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ ఒకటుంది, దానితో పని అవుతుందా?

గోడమీద_పిల్లి:
టైర్లది 8, 10 బార్ దగ్గర చేతులెత్తేస్తుంది. నీకు కావాల్సింది 200. దాన్ని టైర్లకే ఉంచు.

పంపుకొట్టు:
హ్యాండ్ పంపు. రోజుకు మూడు ఫిల్లులకు కరెంటెందుకు? 18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్దోని ఎయిర్ రైఫిల్‌కి ఒక్క రిజర్వాయర్ నింపాలంటే దాదాపు 1500 సార్లు కొట్టాల్సి వచ్చేది. నీకు 140 నుంచి 200కి బార్‌కు ఒకటి లెక్క వేసుకున్నా 60. అదీ కష్టమేనా?

ఓరింగ్_బాబాయ్:
అబ్బాయ్, ఒకేసారి కొను, మంచిది కొను. నీళ్ళతో చల్లబడే పెద్ద కంప్రెసర్, దానితోపాటు 300 బార్‌కి తగిన 6.8 లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్. ఒకసారి సిలిండర్ నింపి పెట్టుకుంటే 300 నుంచి 200కి దిగేలోపు నీ రైఫిల్ సుమారు 50 సార్లు ఫుల్‌గా నిండుతుంది. కాల్చే చోటికి కరెంటు, బ్యాటరీ, చప్పుడు ఏదీ మోసుకెళ్ళక్కర్లేదు, హోస్ తగిలించి వాల్వ్ మెల్లగా తిప్పడమే. చిన్న కంప్రెసర్లు బొమ్మలు. పిస్టన్‌కి నూనె ఉండదు, టెఫ్లాన్ సీలు మీద పొడిగా రుద్దుకుంటూ నడుస్తుంది. వేడెక్కితే ఆ సీలు మెత్తబడి అరిగిపోతుంది, తర్వాత 150 దాటి ఒక్క బార్ ఎక్కదు. ఒకటే సూత్రం: ఏదైనా చల్లగా ఉంటేనే బతుకుతుంది. 

నాలుగున్నర:
బాబాయ్ గారూ, ఆయన అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఇంకోటి. 200 సీసీ అంటే 0.2 లీటరు, దాన్ని 60 బార్ పెంచాలి, అంటే బయటి గాలి 12 లీటర్లు. పన్నెండే! చిన్న కంప్రెసర్ నిమిషానికి 4 లీటర్లే ఇస్తుందనుకున్నా మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాల కోసం నూనె, బకెట్, నీళ్ళ మోటారు, గది మూలంతా ఆక్రమించే ఇనప దిమ్మ ఎందుకు? నా చిన్నది మూడో ఏడాది నడుస్తోంది. ఒక ఫిల్ అవగానే పావుగంట ఆపుతా, కంప్రెసర్ తల మీద చెయ్యి పెట్టి చూసి గోరువెచ్చగా ఉంటేనే మళ్ళీ ఆన్ చేస్తా. చిన్న కంప్రెసర్‌తో పెద్ద సిలిండర్ నింపాలని చూస్తే చస్తుంది, అది నిజమే. ఖాళీ 6.8 లీటర్ల సిలిండర్ 300కి రావాలంటే 2000 లీటర్ల దాకా గాలి, నిమిషానికి 4 చొప్పున 8 గంటలు, మధ్యమధ్య ఆపుతూ పోతే ఇంకో 8. అలాంటి పని దానితో ఎవడు చేయించమన్నాడు?

ఓరింగ్_బాబాయ్:
మరి నీళ్ళు? నీ చిన్నదాంట్లో నీళ్ళు ఎక్కడికి పోతాయి? దీనికి జవాబు చెప్పు.

నాలుగున్నర:
ఏ నీళ్ళు? దానికీ బ్లీడ్ స్క్రూ (మిగిలిన గాలి, నీళ్ళు బయటికి వదిలే మర) ఉంది. ఫిల్ అయ్యాక తెరుస్తా, తుస్సుమని తెల్లగా పొగలా వస్తుంది, అయిపోయింది.

ఓరింగ్_బాబాయ్:
అంతేనా. సరే, నువ్వు లెక్కలు వేశావు కదా, నేనూ వేస్తా. ఉక్కపోత రోజున ఘనపు మీటరు గాలిలో 20 గ్రాముల నీటి ఆవిరి ఉందనుకో. నీ 12 లీటర్లలో దాదాపు పావు గ్రాము, అంటే ఐదు చుక్కలు. 200 బార్‌కి నొక్కాక 0.2 లీటరు చోటులో ఆవిరిగా ఉండగలిగేది కొన్ని మిల్లీగ్రాములే. మిగతాదంతా నీళ్ళయిపోవాల్సిందే, గాలిని ఎంత నొక్కినా దానిలో పట్టే ఆవిరి పెరగదు. బ్లీడ్‌లో కొంత పోతుంది, ఒప్పుకుంటా. పోనిది రైఫిల్లోకే. నేను స్వయంగా విప్పిన ఒక రైఫిల్ సిలిండర్ లోపల అడుగున గోధుమరంగు గీత, వేలు పెడితే ఎర్రటి బురద. రెగ్యులేటర్ పిస్టన్ మీద పిన్ను మొనంత తుప్పు చుక్క, దాని వల్లే ప్రెషర్ 130 దగ్గర నిలబడకుండా మెల్లగా పైకి పాకేది. ఓనరు మాత్రం ఆరు నెలలు పెల్లెట్లను (గుళ్ళను) తిట్టుకున్నాడు.

నాలుగున్నర:
ఇన్‌లెట్‌కి తేమ పీల్చే సిలికా జెల్ సీసా తగిలిస్తే సరి. నీలం గుళికలు గులాబీ రంగుకొస్తే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. లోపలికి పొడి గాలే వెళ్తే ఇక నీళ్ళెక్కడివి?

ఓరింగ్_బాబాయ్:
సిలికా జెల్ లోపలికొచ్చే గాలి దగ్గర పెడితే గుళికల మధ్య నుంచి గాలి పరుగెత్తిపోతుంది, ఆరేంత సేపు ఉండదు. గుళికలు బిగించి కూరితే కంప్రెసర్‌కి ఊపిరాడదు, గాలి తగ్గుతుంది, ఫిల్ లేటవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఆరబెట్టాల్సింది నొక్కిన తర్వాత. ముందు నీళ్ళు విడగొట్టే సెపరేటర్, తర్వాత మాలిక్యులర్ సీవ్ (మిగిలిన తేమను పీల్చే గుళికలు) నింపిన గొట్టం, చివర ఆ గొట్టంలో ఒత్తిడి పడిపోకుండా నిలిపే వాల్వ్. 200 బార్ దగ్గర అదే గాలి ఎంతో చిన్న చోటులో మెల్లగా కదులుతుంది కాబట్టి సీవ్ పక్కన చాలాసేపు ఉంటుంది. ఇది పెద్ద కంప్రెసర్‌తోనే సరిగ్గా కుదురుతుంది, చిన్నదానికి ఆ ఫిల్టర్ గొట్టం నింపడానికే సగం ప్రాణం పోతుంది.

నాలుగున్నర:
ఊపిరాడనంత చిన్న సీసా పెట్టుకుంటే అది సీసా తప్పు, సిలికాది కాదు. నేను వెడల్పాటి డబ్బా వాడతా. నిమిషానికి 4 లీటర్లు అంటే సెకనుకు గ్లాసులో సగం కూడా లేదు, పరుగెట్టడమేంటి?

పంపుకొట్టు:
ఇద్దరూ నీళ్ళలోనే మునిగారు. హ్యాండ్ పంపు చాలు.

గోడమీద_పిల్లి:
హ్యాండ్ పంపు లాగేది కూడా ఆ గాలినే కదా అన్నా. నీళ్ళు నీకూ వస్తాయి. అది కూడా 60 కొట్టాక ముట్టుకుని చూడు.

లోతునీళ్ళు:
మధ్యలో ఒకటి. డైవింగ్ సెంటర్లకు దగ్గర్లో ఉంటే మీకు కంప్రెసరే అక్కర్లేదు. మేము పీల్చే గాలి కాబట్టి సెపరేటర్, సీవ్, బొగ్గు ఫిల్టర్ అన్నీ దాటి వస్తుంది, మీ రైఫిల్‌కి అంతకన్నా పొడి గాలి దొరకదు. 232 బార్ సిలిండర్ చాలు మీ 200కి, కానీ పూర్తిగా నిండే ఫిల్లులు తక్కువే వస్తాయి, తర్వాత 190, 180 అని దిగుతూ పోతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో చాలామంది ఇలాగే నింపుకుంటారు. ఏ సిలిండరైనా దాని మీద చెక్కిన టెస్టు తేదీ చూడండి, గడువు దాటిందాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. ఇంకో మాట, పెద్ద కంప్రెసర్ కొనేవాళ్ళు దానికి చెప్పిన సింథటిక్ నూనే పోయాలి. మామూలు ఇంజిన్ ఆయిల్ పోస్తే 300 బార్ వేడికి ఆ ఆవిరి డీజిల్ ఇంజిన్లో లాగా అంటుకోవచ్చు. రైఫిల్ వైపు ఓ-రింగులకు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగులు) సిలికాన్ గ్రీజే, పెట్రోలియం నూనె చుక్క కూడా వద్దు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి మాత్రం జన్మలో నింపకండి.

కొత్తగురి:
అందరికీ థ్యాంక్స్. నాకు దగ్గర్లో డైవింగ్ సెంటర్ లేదు. నీళ్ళ సంగతి చదివాక టెన్షన్ ఎక్కువైంది. అంటే చిన్నది తీసుకుంటే రైఫిల్ తుప్పు పడుతుందా?

నాలుగున్నర:
పట్టదు. ప్రతి ఫిల్లుకీ బ్లీడ్ చెయ్యి, ఏడాదికోసారి సిలిండర్ విప్పి తుడువు. బాబాయ్ గారు మనుషుల్ని భయపెట్టి పెద్దది కొనిపిస్తారు, అది ఆయన అలవాటు.

ఓరింగ్_బాబాయ్:
భయపెట్టడం కాదు. కొంతమంది పెద్ద మిషను చేతిలో ఉన్నా డ్రెయిన్ స్క్రూ ముట్టుకోరు. పది నిమిషాలకోసారి తెరవాలని మిషను మీదే స్టిక్కర్ అంటించి ఉంటుంది. తెరవకుండా నాలుగు గంటలు నడిపితే ఫిల్టర్లో దూది తడి గుడ్డ అయిపోతుంది, ఆ నీళ్ళు జనం సిలిండర్లలోకి పోతాయి. అలాంటివాళ్ళు ఇక్కడ సిలికా జెల్ పాఠాలు చెప్తున్నారు.

నాలుగున్నర:
కొంతమంది అంటే నేనేగా. చుట్టూ తిప్పడం దేనికి, పేరు పెట్టే చెప్పండి. చదివేవాళ్ళకి అర్థం కాదు కాబట్టి నేనే చెప్తా. మేము ఐదుగురం కలిసి ఒక పెద్ద కంప్రెసర్ కొన్నాం. పెట్టడానికి ఎవరింట్లోనూ చోటు లేదన్నారు, కాబట్టి మా ఇంట్లో పెట్టారు. అప్పట్నుంచి నేను మనిషిని కాదు, గాలి బంకు. ఒకరు రాత్రి తొమ్మిదింటికి సిలిండర్ దింపి పొద్దున్నే కావాలంటారు, ఇంకొకరు ఖాళీ సిలిండర్ గుమ్మం ముందు పెట్టి మెసేజ్ చేసి పోతారు. ఆ చప్పుడుకి పిల్లలకు నిద్ర ఉండదు, బకెట్లో నీళ్ళు వేడెక్కితే ఐస్ వేసేది నేనే, నూనె మార్చేది నేనే. ఒక రాత్రి నాలుగు గంటలు వరసగా నడిపాను, నిజమే, చివర్లో కునుకు పట్టింది. ఆ ఒక్క రాత్రికి ఒకరి రైఫిల్ సిలిండర్లో తుప్పంతా నా ఖాతాలో రాశారు. మీరు పైన చెప్పిన ఎర్ర బురద కథ అదే కదా? ఆ రైఫిల్ నా దగ్గరికి రాకముందు రెండేళ్ళు హ్యాండ్ పంపు మీద నడిచింది, అది ఎవరూ అడగలేదు.

గోడమీద_పిల్లి:
300 బార్ దాటింది. ఒత్తిడి మితిమీరితే పగిలి గాలి వదిలేసే బర్స్ట్ డిస్క్ పోయేలోపు ఎవరైనా బ్లీడ్ చేయండి.

ఓరింగ్_బాబాయ్:
లాగ్‌బుక్ పెట్టాం, గంటలు, డ్రెయిన్ టైములు రాయాలని. చివరి మూడు పేజీల్లో గంటలున్నాయి, డ్రెయిన్ గడి ఖాళీ. మిషను నిన్ను నమ్మి పెట్టాం.

నాలుగున్నర:
ఆ పుస్తకంలో మొదటి నలభై పేజీల్లో ఎవరి చేతిరాత ఉందో కూడా చూడండి. అన్నీ నాదే. మిగతా నలుగురిది ఒక్క గీతైనా ఉందా? నమ్మి పెట్టడం వేరు, వదిలించుకోవడం వేరు. అందుకే నా చిన్నది కొనుక్కున్నా. అది పెద్దదాని కన్నా మంచిదని ఎప్పుడూ అనలేదు. నేను కాల్చుకునేది నేను నింపుకుంటా, పాడైతే నా తప్పు, తుప్పు పడితే నా రైఫిల్. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

లోతునీళ్ళు:
ఇప్పుడు అసలు విషయం వచ్చింది. మా దగ్గర కంప్రెసర్ దగ్గర ఒక మనిషి ఉంటాడు, అతని పనే అది, ఇంకెవరూ ముట్టుకోరు. పది నిమిషాలకోసారి స్క్రూ తిప్పడం సరదాగా చేసే పని కాదండీ. చేసేవాడికి ఏదో ఒకటి దక్కాలి.

పంపుకొట్టు:
పంపుకి లాగ్‌బుక్ అక్కర్లేదు.

ఓరింగ్_బాబాయ్:
రాత్రిళ్ళు నడిపావని నాకు తెలీదు. పగలే చేస్తున్నావనుకున్నా. నేనెప్పుడూ సిలిండర్ ఇచ్చి ఆదివారం వచ్చి తీసుకున్నా, మధ్యలో ఏం జరిగేదో అడగలేదు, అది నిజమే. కానీ నీళ్ళ సంగతి మాత్రం వెనక్కి తీసుకోను, అది ఎవరు నడిపినా నీళ్ళే.

కొత్తగురీ, నువ్వు ఒక్కడివేనా, గుంపు ఉందా? ముందే అడగాల్సింది. ఒక్కడివైతే, ఈ 200 సీసీకే అయితే, చిన్నది సరిపోతుంది. దానంతట అదే ఆగే కటాఫ్ ఉన్నది చూడు, 200 దాటకుండా సెట్ చేసుకో, గేజీని మాత్రం కళ్ళతో కూడా చూస్తూ ఉండు, బర్స్ట్ డిస్క్ ఉందో లేదో కనుక్కో. హోస్ ఊడదీసే ముందు బ్లీడ్ చేయడం మర్చిపోతే వేళ్ళు పోతాయి. బయటి నుంచి చిన్న ఫిల్టర్ గొట్టం ఒకటి తగిలించు, దూది పసుపుగా మారితే పారెయ్. వేడిగా నింపిన ఫిల్ చల్లారాక పది బార్లు తగ్గినట్టు కనిపిస్తుంది, లీకని కంగారుపడి మళ్ళీ నింపకు. రేపు పెద్ద సిలిండర్ కొన్నావంటే అప్పుడు మళ్ళీ రా, మాట్లాడదాం.

కొత్తగురి:
ఒక్కడినే సర్. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి పెద్దది తీసుకుందాం, అది నా ఇంట్లోనే పెడదాం అంటున్నారు.

నాలుగున్నర:
వద్దు.

ఓరింగ్_బాబాయ్:
ఈ ఒక్క దాంట్లో అతనితో ఏకీభవిస్తున్నా.

నాలుగున్నర, పెద్దదాని పిస్టన్ రింగులు సంగతి ఏమైంది? 250 దగ్గర ఆగిపోతోందని అన్నావు కదా పోయినసారి.

నాలుగున్నర:
పోయిన నెలలోనే మార్చా. ఇప్పుడు 300 వస్తోంది.

ఓరింగ్_బాబాయ్:
మార్చావా? రింగుల డబ్బులు ఎవరిచ్చారు?

నాలుగున్నర:
పుస్తకంలో రాశాను చూడండి. నలభై ఒకటో పేజీ.

ఓరింగ్_బాబాయ్:
పుస్తకం నీ దగ్గరే ఉంది కదా, ఆదివారం వస్తా. సిలిండర్ తీసుకురాను.