ఎస్పీ కాలమ్‌కి ప్రోటీన్ పట్టట్లేదు, మొత్తం ఫ్లో త్రూలోనే పోతోంది

పిపెట్_పిల్ల: హాయ్ అందరికీ, సీక్వెన్స్ నుంచి లెక్కేస్తే నా ప్రోటీన్ పిఐ (మొత్తం చార్జ్ సున్నా అయ్యే పిహెచ్) 8.6 వచ్చింది, నికెల్ కాలమ్‌లో మొదటి ప్యూరిఫికేషన్ అయ్యాక ఎస్పీ సెఫరోజ్ (పాజిటివ్ ప్రోటీన్లని పట్టే నెగటివ్ చార్జ్ రెసిన్) మీద వేశా, జెల్‌లో చూస్తే అంతా ఫ్లో త్రూలోనే (పట్టకుండా బయటికొచ్చేసే ద్రవం) ఉంది. పిహెచ్ 7.5 ఫాస్ఫేట్, పిఐ కన్నా ఒక పాయింట్ కిందే ఉన్నాం కదా, ప్రోటీన్ పాజిటివ్‌గా ఉండి పట్టాలి కదా మరి?? కొత్త రెసిన్ కావాలంటే మా సార్‌ని అడగాలి, ఆ ధైర్యం లేక ఇక్కడికొచ్చా

బఫర్_బాబాయ్: నికెల్ ఎల్యూషన్ (కాలమ్ నుంచి ప్రోటీన్ దింపిన బఫర్) ఏ సాల్ట్‌లో ఉందమ్మా?

పిపెట్_పిల్ల: సోడియం క్లోరైడ్ 300 మిల్లీమోలార్, ఇమిడజోల్ 250 అండి, డైరెక్ట్‌గానే వేశా

బఫర్_బాబాయ్: అదే మరి. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు రెసిన్ మీద సల్ఫోనేట్ సీట్లన్నీ సోడియం ముందే పట్టేసుకుంటుంది, ఇక నీ ప్రోటీన్‌కి చోటెక్కడ. ముందు కండక్టివిటీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) సెంటీమీటరుకి 5 మిల్లీసీమెన్స్ లోపుకి దించు. డయాలసిస్ రాత్రంతా పెడితే కొన్ని ప్రోటీన్లు పొద్దునకి తెల్లగా అడుగున దిగిపోతాయి, అందుకే నేనైతే సాల్ట్ లేని బఫర్‌తో పదింతలు డైల్యూట్ చేసి వెంటనే లోడ్ చేస్తా, వాల్యూమ్ పెరిగినా పర్లేదు కాలమ్ మీద ఎలాగూ ప్రోటీన్ కాన్సంట్రేట్ అవుతుంది

లైసేట్_లక్ష్మి: పిఐ నంబర్‌ని మరీ నమ్మొద్దు, అది మొత్తం చార్జ్ లెక్క, పైన ఏ ప్యాచ్ ఎలా ఉందో అది చెప్పదు. చిన్న ట్యూబుల్లో తలా 100 మైక్రోలీటర్ల రెసిన్ వేసి పిహెచ్ 5, 5.5, 6, 6.5, 7 పెట్టి చూడు, ఒక్క పూటలో తేలిపోతుంది. బఫర్లు 5, 5.5కి అసిటేట్, 6, 6.5కి ఎంఈఎస్, 7కి ఫాస్ఫేట్. ట్రిస్ వద్దు, అదీ పాజిటివే, రెసిన్‌తోనే ఆడుకుంటుంది. పిహెచ్ దించాక ఒకసారి స్పిన్ చేసి ఫిల్టర్ చెయ్యి లేకపోతే కాలమ్ పైనే ముద్ద కట్టి ప్రెజర్ ఎక్కిపోతుంది

ఎంఎస్సీ_గుంటూరు: మధ్యలో నాదో డౌట్, మా ప్రాక్టికల్‌లో గుడ్డు తెల్లసొన నుంచి లైసోజైమ్‌ని సీఎం (కార్బాక్సీమిథైల్) రెసిన్ మీదే తీశాం, బానే వచ్చింది, మరి అందరూ ఎస్పీ అంటారేంటి

బఫర్_బాబాయ్: లైసోజైమ్ పిఐ 11 దగ్గర, ఓవాల్బుమిన్‌ది 4.5 దగ్గర, పిహెచ్ 8లో కూడా ఒకటి పట్టుకుంటుంది ఇంకోటి జారిపోతుంది, అంత తేడా ఉంటే ఏ రెసినైనా పని చేస్తుంది. సీఎం వీక్, పిహెచ్ బాగా దిగితే కార్బాక్సిల్ చార్జ్ పోతుంది, 6 పైన వాడుకో. ఎస్పీకి ఆ గొడవ లేదు

పిపెట్_పిల్ల: అప్‌డేట్: డైల్యూట్ చేసి పిహెచ్ 6లో వేస్తే సగం పట్టింది, సాల్ట్ గ్రేడియంట్‌లో (ఉప్పు మెల్లగా పెంచుతూ దింపితే) నీట్ పీక్. మిగతా సగం మాత్రం ఇంకా ఫ్లో త్రూలోనే, దాని 260/280 (260, 280 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ నిష్పత్తి) చూస్తే 1.4 ఉంది

లైసేట్_లక్ష్మి: ఒట్టి ప్రోటీన్ అయితే 0.6 దగ్గర ఉండాలి. న్యూక్లిక్ యాసిడ్ అతుక్కుని వచ్చేస్తోంది నీకు, దాని నెగటివ్ చార్జ్ ప్రోటీన్ చార్జ్‌ని కప్పేస్తుంది, రెసిన్ ఎలా పట్టుకుంటుంది. ఇంతకీ డీఎన్ఏ బైండింగ్ ప్రోటీనా??

పిపెట్_పిల్ల: అవునండి 🙈 ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్

లైసేట్_లక్ష్మి: ఆ ముక్క మొదటి పోస్టులోనే చెప్పొచ్చుగా తల్లీ! నికెల్ కాలమ్ మీద ఉండగానే 1 మోలార్ ఉప్పుతో బాగా వాష్ చెయ్యి, లైసిస్‌లో న్యూక్లియేజ్ వెయ్యి, తర్వాతే ఎల్యూట్ చేసి డైల్యూట్ చేసి ఎస్పీకి రా

బఫర్_బాబాయ్: ల్యాబ్‌లో హెపారిన్ (డీఎన్ఏలాగే నెగటివ్ చార్జ్ ఉన్న గొలుసు) కాలమ్ ఎవరిదగ్గరైనా ఉందేమో కూడా అడుగు, డీఎన్ఏ బైండర్లకి అది ఎస్పీ కన్నా బాగా పట్టుకోవచ్చు. వాడాక 2 మోలార్ ఉప్పుతో కడిగి 20 శాతం ఎథనాల్‌లో పెట్టి ఇవ్వు, లేకపోతే మళ్లీ ఇవ్వరు