బర్లింగేమ్‌లో రూమ్ దొరికింది, ఊరి గురించి కాస్త చెప్తారా?

నమస్తే అండీ. వచ్చే నెల ఎస్‌ఎఫ్‌ఓలో దిగుతున్నా, ఆఫీసు శాన్ ఫ్రాన్సిస్కోలో, అమెరికా రావడం ఇదే మొదటిసారి. బర్లింగేమ్‌లో ఒక రూమ్ దొరికింది. కారు లేకుండా నెట్టుకురావచ్చా? నాన్నగారేమో అదేం పేరురా, ఊరి పేరా మనిషి పేరా అని అడుగుతున్నారు.

---

నెట్టుకురావచ్చు తమ్ముడూ. కాల్‌ట్రెయిన్ స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంది, ఎక్కితే నేరుగా శాన్ ఫ్రాన్సిస్కోకే. టికెట్లకి వాడే క్లిప్పర్ కార్డు తీసుకో. రూమ్ నుంచి స్టేషన్‌కి నడిచి వెళ్ళగలవా అన్నది ముందు మ్యాప్‌లో చూసుకో, ఇల్లు చూడకుండా అడ్వాన్స్ మాత్రం పంపకు, కనీసం వీడియో కాల్‌లో అయినా చూపించమను.

---

మనిషి పేరే బాబూ. ఆన్సన్ బర్లింగేమ్, 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, హార్వర్డ్‌లో లా చదివి మసాచుసెట్స్ నుంచి కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, వెళ్ళాడు, బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. 1856 మే 22న సెనేట్‌లో కూర్చుని రాసుకుంటున్న మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ని ప్రెస్టన్ బ్రూక్స్ అనే సౌత్ కరొలైనా సభ్యుడు చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు, బానిసత్వం మీద ప్రసంగం చేశాడన్న కోపంతో. బర్లింగేమ్ సభలోనే లేచి అది పిరికి పని అని కడిగేశాడు. బ్రూక్స్ ద్వంద్వయుద్ధానికి పిలిస్తే సరే అని, రైఫిళ్ళతో, నయాగరా దగ్గర కెనడా వైపు అన్నాడు. ఉత్తరాది రాష్ట్రాల మీదుగా అంత దూరం రావడం నాకు ప్రమాదం అని బ్రూక్సే వెనక్కి తగ్గాడు.

1861లో లింకన్ ఈయన్ని ఆస్ట్రియాకి రాయబారిగా వేస్తే, హంగేరీ స్వాతంత్ర్యాన్ని సమర్థించినవాడు మాకొద్దు అన్నారు వాళ్ళు, అప్పుడు చైనాకి పంపారు. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. పెకింగ్‌లో, అంటే ఇప్పటి బీజింగ్‌లో, చైనావాళ్ళతో ఎంత మర్యాదగా నడుచుకున్నాడంటే, 1867లో ఆయన పదవి వదిలి వచ్చేస్తుంటే చైనా ప్రభుత్వమే మా తరఫున రాయబారిగా వెళ్ళమని అడిగింది. అలా జిగాంగ్, సున్ జియాగు అనే ఇద్దరు చైనా అధికారులతో కలిసి తన దేశానికే చైనా దూతగా వచ్చి 1868 జులై 28న వాషింగ్టన్‌లో అమెరికా-చైనా ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మనిషికి తన ఇల్లూ దేశమూ మార్చుకునే హక్కు పుట్టుకతో ఉంటుంది, దాన్ని ఎవరూ తీసేయలేరు అని అందులో రాశారు బాబూ, నువ్వు ఇప్పుడు చేస్తున్న పనే అది.

యూరప్ దేశాలు కూడా తిరుగుతూ 1870 ఫిబ్రవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పోయాడు, 49 ఏళ్ళే. ఇక్కడ స్థలం కొన్నాడు కానీ కాపురం మాత్రం ఉండలేదు.

---

కానీ అక్కా, చైనావాళ్ళని రానివ్వకుండా చట్టం చేశారు కదా తర్వాత?

---

చేశారు తమ్ముడూ. 1882లో చైనా కూలీలకి తలుపు మూశారు. ఒప్పందంలోనే ఒక లోటు ఉంది, రావచ్చు ఉండవచ్చు అన్నారే కానీ పౌరసత్వం ఇస్తామనలేదు. మనవాళ్ళ కథా అలాంటిదే, 1917 చట్టంతో ఇండియా నుంచి వలస ఆగిపోయింది, మళ్ళీ 1946లో ఏడాదికి 100 మంది అని కోటా పెట్టి పౌరసత్వానికి దారి ఇచ్చారు. ఇవాళ విమానాల్లో ఇంతమందిమి దిగుతున్నామంటే 1965 వలస చట్టం వల్లే.

---

అక్కా, మొత్తం నాన్నగారికి చదివి వినిపించా, నయాగరా సంగతి రెండోసారి కూడా చదివించుకున్నారు. రూమ్ నుంచి స్టేషన్‌కి పన్నెండు నిమిషాల నడక అని చూపిస్తోంది.

---

ఏ రోజు దిగుతున్నావు, బ్యాగులు ఎన్ని? మా ఇల్లు మిల్‌బ్రేలోనే, పక్క ఊరు, నేను వచ్చి దింపుతా.