అప్‌డేట్: రోజూ తేదీ వెనక్కి పోయే కంప్యూటర్ బాగైంది

పొద్దున ఆన్ చేయగానే నాన్నగారి డెస్క్‌టాప్ తేదీ 2014 జనవరి 1కి పోతోందని, బ్యాంకు సైటు తెరిస్తే కనెక్షన్ సురక్షితం కాదంటోందని పోయిన వారం అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీద బటన్ సెల్, అంటే గడియారాన్ని నడిపే చిన్న గుండ్రటి బ్యాటరీ, అయిపోయి ఉంటుందని మీలో కొందరన్న మాటే నిజమైంది. ప్లగ్ పీకేసి కేబినెట్ మూత తీస్తే, దుమ్ము కింద రూపాయి బిళ్ళంత సెల్, దాని మీద సీఆర్ 2032 అని ఉంది. 3 వోల్టులు ఉండాల్సింది, షాపతను మల్టీమీటర్ పెడితే 1.9 చూపించింది. పక్కనున్న క్లిప్ నొక్కితే పైకి లేచింది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) తేదీ సరిచేశాను. ఖర్చు 40 రూపాయలు. ఐదు రోజులైంది, గడియారం నిమిషం కూడా తప్పలేదు.

"రాత్రి గోడ స్విచ్ ఆపేస్తారా?" అని ఒకరు అడిగారు చూడండి, అసలు కిటుకు అదే. ప్లగ్‌లో కరెంటున్నంతసేపూ గడియారానికి సెల్ అక్కర్లేదు. నాన్నగారు రోజూ స్విచ్ ఆపుతారు, అప్పుడు గడియారం సెల్ మీదే నడవాలి, అదేమో అయిపోయింది.

బ్యాంకు సైటు గొడవకీ కారణం ఇదే. సైటు సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని చూపే డిజిటల్ పత్రం) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. 2014 అనుకుంటున్న కంప్యూటర్‌కి అది ఇంకా మొదలే కాలేదు. ఇది వైరస్ పని కాదు, యాంటీవైరస్ స్కాన్‌తో పోయేదీ కాదు. ఇది తెలియక నాకు విండోస్ మళ్ళీ ఎక్కించడానికి ఆదివారమంతా పోయింది, మీరు మాత్రం ముందు సెల్ చూడండి.