ఎప్పుడూ నీరసం, రాత్రి నిద్ర లేదు: తప్పు ఫోన్‌దేనా?

గోదావరి గట్టు:
ఆరు నెలలుగా ఇదే వరస. పదకొండింటికి పడుకుంటే ఒంటిగంటకి గానీ నిద్ర పట్టదు. పొద్దున లేస్తే ఒళ్లంతా బరువు. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. నా వయసు 38. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఆ ఫోన్ పక్కన పెట్టు, అదే తగ్గుతుంది" అని. నెల రోజులు ఫోన్ హాల్లో వదిలేసి పడుకున్నా మార్పు లేదు. పరీక్షలు చేయించుకోవాలా, ఇంకొన్నాళ్లు చూడాలా?

కొండపల్లి బొమ్మ:
అప్పుడే పరీక్షల జోలికి వెళ్లకండి. మా అన్నయ్యకి ఇలాగే ఉంటే డెబ్బై రకాల పరీక్షల ప్యాకేజీ చేయించాం. ఏ జబ్బూ తేలలేదు గానీ, అటూ ఇటూగా ఉన్న నాలుగు అంకెలు చూసి ఆయనకి టెన్షన్ పట్టుకుంది. చివరికి సాయంత్రం తాగే రెండు కాఫీలు, మధ్యాహ్నం రెండు గంటల కునుకు మానేస్తే నిద్ర కుదిరింది. తాగిన కాఫీలో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ముందు అలవాట్లు మార్చి చూడండి.

వార్డు డ్యూటీ:
కాఫీ గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఆవిడ రాసింది ఇంకోసారి చదవండి. మెట్లెక్కితే ఆయాసం అన్నారు. అది కాఫీ వల్లో, ఫోన్ వల్లో వచ్చేది కాదు.

నేను నర్సుని. నా సంగతే చెప్తాను. రాత్రి పక్క మీద వాలితే చాలు, కాళ్లు లాగేవి. లోపల ఏదో పాకుతున్నట్టు ఉండేది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది, పడుకుంటే మళ్లీ మొదలు. "డ్యూటీ టెన్షన్" అని ఒక డాక్టరు నిద్రమాత్ర రాశారు. హిమోగ్లోబిన్ 12.1 ఉంది కాబట్టి రక్తం బాగానే ఉందన్నారు. ఏడాది తర్వాత ఇంకొకరు ఫెరిటిన్ చేయిస్తే 9 వచ్చింది. ఫెరిటిన్ అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్. రక్తం తగ్గకముందే ఆ నిల్వ అడుగంటిపోతుంది, కాళ్లు లాగడానికి అదీ ఒక కారణం. నాకు నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేది, ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధేస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రాలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం మందికి పైగా ఉన్నదాన్ని వదిలేసి ముందు ఫోన్‌ని ఎందుకు పట్టుకోవాలి?

అక్కా, డెబ్బై పరీక్షలు వద్దు. ఫిజీషియన్‌కి ఆయాసం సంగతి ముందు చెప్పండి. రక్త పరీక్ష, ఫెరిటిన్, థైరాయిడ్, షుగర్, బి12 అవసరమా అని అడగండి. ఐరన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. ఎందుకు తగ్గిందో కూడా తేలాలి కదా.

పాత రేడియో:
ఇంకొకటి కూడా చూడాలి. మా ఆవిడ తొమ్మిది గంటలు పడుకున్నా పగలు కూర్చున్నచోటే కునికేది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేది, ఆ సంగతి తనకే తెలియదు. రాత్రంతా చేసే నిద్ర పరీక్షలో స్లీప్ అప్నియా అని తేలింది. గురక మగవాళ్లకేనని మేమూ అనుకున్నాం. నెలసరి ఆగాక ఆడవాళ్లలోనూ ఇది పెరుగుతుందట. ఇలాంటి వాళ్లు నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి ఇంకా ఇబ్బంది పడొచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

కొండపల్లి బొమ్మ:
ఆయాసం మాట నేను పట్టించుకోలేదు, పొరపాటే. డాక్టరు రాసిన నాలుగైదు పరీక్షలంటే ఒప్పుకుంటాను. ప్యాకేజీలకి మాత్రం ఇప్పటికీ నేను వ్యతిరేకమే.

గోదావరి గట్టు:
గురక లేదని మావారు అంటున్నారు. కాళ్లు లాగడం మాత్రం ఉంది. పనివల్ల అనుకుని రోజూ కొబ్బరినూనె రాసుకుంటున్నాను. నెలసరి కూడా ఏడెనిమిది రోజులు ఉంటోంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంది, దానివల్ల కూడానా?

వార్డు డ్యూటీ:
తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. గంటసేపు ఆగి తాగండి. నెలసరి ఎన్ని రోజులో కాగితం మీద రాసుకుని వెళ్లండి అక్కా, వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పండి.