డాక్టరు పది రోజులకు రాసిన కఫం బిళ్ల నాలుగు నెలలు వాడొచ్చా?

గోదావరిగట్టు:
మా నాన్నగారికి 68 ఏళ్లు. ముప్పై ఏళ్లు రైసుమిల్లులో ఊక దుమ్ము మధ్య పనిచేశారు. బీడీ మానేసి రెండేళ్లయింది. సంక్రాంతి తర్వాత ఛాతీలో కఫం పట్టేస్తే డాక్టరుగారు అసిటైల్‌సిస్టీన్ 600 మిల్లీగ్రాముల బిళ్ల పది రోజులకు రాశారు, నీళ్లలో కరిగించి తాగేది. గళ్ల తేలిగ్గా తెగి పడింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. కానీ ఆయన ఆపలేదు. అదే చీటీ చూపించి నాలుగు నెలలుగా కొనుక్కుంటున్నారు. ఇప్పుడు కడుపులో మంట అంటున్నారు, దగ్గు మళ్లీ మొదలైంది. ఆపేయమని నేను, వాడితే తప్పేముందని డాలస్‌లో ఉన్న తమ్ముడు. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. మీరేమంటారు?

డాలస్_తమ్ముడు:
ఆ తమ్ముణ్ణి నేనే. అక్క అనవసరంగా టెన్షన్ పడుతోంది. ఇక్కడ ఇదే మందు షాపులో విటమిన్ల పక్కన ఉంటుంది, చీటీ అడగరు. పారాసెటమాల్ ఎక్కువ మింగిన వాళ్లకి లివర్ కాపాడటానికి ఆసుపత్రుల్లో ఎక్కించేదీ ఇదే, అదీ చాలా పెద్ద మోతాదులో. రోజుకో బిళ్లతో ఏమవుతుంది?

హన్మకొండ_మందులషాపు:
తమ్ముడూ, విటమిన్ల పక్కన పెట్టినంత మాత్రాన అది విటమిన్ అయిపోదు. అమెరికాలో 1963లోనే దీన్ని మందుగా ఆమోదించారు. అందుకే సప్లిమెంటుగా అమ్మడం చెల్లదని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. 2022లో, ప్రస్తుతానికి చర్య తీసుకోబోమని మాత్రమే చెప్పింది. ఇక విషానికి విరుగుడుగా ఇచ్చేటప్పుడు మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు, బీపీ, ఊపిరి చూసుకునే వాళ్లు పక్కనే ఉంటారు. మీ నాన్న వంటింట్లో గ్లాసు పట్టుకుని ఒక్కరే ఉంటారు.

ఇరవై రెండేళ్లుగా కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి, నేను అడిగేవి చెప్తాను. ముందు కడుపు. కఫంలోని ప్రోటీన్లను కలిపి ఉంచే గంధకపు బంధాలను ఈ మందు తెంచుతుంది, అందుకే గళ్ల పలచబడుతుంది. కడుపు గోడను కాపాడే పొర కూడా అలాంటి జిగురే. అల్సర్ ఉన్నవాళ్లు, ఒకప్పుడు వచ్చి తగ్గినవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వాడొద్దనేది ఇందుకే. కడుపులో మంట అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. రెండోది గుండె. ఛాతీ నొప్పికి నైట్రోగ్లిజరిన్ వాడుతున్నారా? రెండూ కలిస్తే బీపీ పడిపోయి తల పగిలిపోయేంత నొప్పి రావచ్చు. మూడోది, నీళ్లలో పొంగే బిళ్లల్లో సోడియం ఉంటుంది. కొన్ని బ్రాండ్లలో ఒక్క బిళ్లకే వంద మిల్లీగ్రాములు దాటుతుంది. బీపీకి ఉప్పు తగ్గించిన ఇంట్లో ఇదెవరూ లెక్కవేయరు. కోడిగుడ్డు కుళ్లిన వాసన మాత్రం మందు గుణమే, పాడైందని పారేయక్కర్లేదు.

ఒక షాపు వాడు పాత చీటీ మీద నాలుగు నెలలు ఇచ్చాడంటే బాధగా ఉంది. పది రోజులని రాసి ఉంటే పది రోజులకే ఇవ్వాలి.

ఆయాసంతో_పన్నెండేళ్లు:
అన్నా, నువ్వు చెప్పింది నిజమే, కానీ ఎక్కువ కాలం వాడటమే తప్పన్నట్టు జనం చదువుకుంటారు. నాకు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలపు జబ్బు. ఛాతీ డాక్టరు రాస్తేనే మూడేళ్లుగా ఇదే బిళ్ల వాడుతున్నాను. అంతకుముందు ఏడాదికి రెండు మూడుసార్లు అడ్మిట్ అయ్యేవాణ్ణి, పోయిన ఏడాది ఒక్కసారే. చైనాలో సీఓపీడీ రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన పాంథియాన్ అధ్యయనంలో రోజుకు రెండుసార్లు 600 చొప్పున ఏడాది ఇస్తే జబ్బు ఉన్నట్టుండి ముదరడం తగ్గింది. ఇది చదివి భయపడి నాలాంటివాడు మానేస్తే ఎవరిది బాధ్యత?

చంటిపాప_అమ్మ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా పాపకి పద్నాలుగు నెలలు, నెమ్ము చేసింది. పెద్దాడికి రాసిన ఆంబ్రాక్సాల్ అనే కఫం సిరప్ ఇంట్లో ఉంది. సగం చెంచా వేయొచ్చా? అత్తయ్య అడ్డసరం ఆకు రసం చాలంటున్నారు.

ఛాతీవార్డు_సిస్టర్:
అమ్మా, రెండూ వేయొద్దు. చంటిపిల్లలకి కఫం పలచబడినా దగ్గి బయటకు తేలేరు, అది లోపలే నిండుతుంది. అసిటైల్‌సిస్టీన్, అలాంటిదే అయిన కార్బోసిస్టీన్ రెండేళ్లలోపు పిల్లలకు వద్దని ఫ్రాన్స్ 2010లోనే ఆపేసింది. మన దగ్గర 2025 అక్టోబరులో, మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్‌తో పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. పెద్దాడి సీసాలో ఊపిరి గొట్టాలను వదులు చేసే టెర్బుటలిన్ లాంటిది కలిసి ఉంటే గుండె దడ, చేతుల వణుకు కూడా వస్తాయి. అడ్డసరం సంగతి, అందులోని వాసిసిన్ అనే పదార్థం నుంచే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం మందు పుట్టింది, దాన్నుంచి ఆంబ్రాక్సాల్. ఆకు రసమూ మందే, ఎంత మోతాదో తెలియని మందు. పాప డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గోదావరిగట్టు గారూ, మీ ఇద్దరి గొడవలో ఒక ముఖ్యమైన మాట జారిపోయింది. నాలుగు నెలలైనా దగ్గు ఎందుకు ఉంది? రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. గళ్ల తేలిగ్గా పడుతుంటే జబ్బు తగ్గుతోందని ఇంట్లో అందరూ అనుకుంటారు, లోపల ఏముందో ఎవరూ చూడరు. మా వార్డులో అలా ఆలస్యంగా వచ్చినవాళ్లని చూసి చూసి చెప్తున్నాను. బరువు తగ్గారా? గళ్లలో నెత్తురు చార కనిపించిందా?

గోదావరిగట్టు:
నెత్తురు లేదు. లుంగీ వదులైందని అమ్మ ఉగాదికి అంది. మేం పట్టించుకోలేదు.

డాలస్_తమ్ముడు:
ఆ మాట నాకెవరూ చెప్పలేదక్కా. రేపే తీసుకెళ్లు. బిళ్ల ఈ రాత్రి నుంచి ఆపమని నాన్నతో నేను మాట్లాడతాను.

ఆయాసంతో_పన్నెండేళ్లు:
ఊపిరితిత్తుల పరీక్ష కూడా అడగండి, గొట్టంలో ఊదించేది. ఊక దుమ్ము, బీడీ రెండూ అన్నారు కదా. సీఓపీడీ అని తేలితే ఈ బిళ్ల అప్పుడు డాక్టరే మళ్లీ రాయొచ్చు.

ఛాతీవార్డు_సిస్టర్:
తెమడ అక్కడికక్కడ ఒకటి, మర్నాడు పొద్దున లేవగానే ఒకటి ఇవ్వాలి. ముందు నీళ్లతో పుక్కిలించమనండి. లోతుగా ఊపిరి పీల్చి ఛాతీలోంచి దగ్గి తీయాలి, ఉమ్మి పనికిరాదు. మంట ఎప్పటి నుంచో, బిళ్ల ఎన్నాళ్లు వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఖాళీ స్ట్రిప్పు, పాత చీటీ కూడా పట్టుకెళ్లండి. ఒంటి మీద దద్దుర్లు గానీ ముఖం వాపు గానీ వస్తే రేపటి దాకా ఆగొద్దు, ఏ టైమైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.