ప్రతి లెవెల్‌కీ +5 లెక్క రాసుకుంటూ ఆడాలా? ఆబ్లివియన్ లెవెలింగ్ ప్లాన్ మీద చర్చ

ఏడో ఖడ్గం

2006లో వచ్చిన ఆబ్లివియన్ అనే రోల్‌ప్లేయింగ్ వీడియో గేమ్‌ను ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లకు అందరూ చెప్పే మొదటి సలహా ఒకటే. పక్కన నోట్‌బుక్ పెట్టుకో, ఏ స్కిల్ ఎన్నిసార్లు పెరిగిందో రాసుకో, ప్రతి లెవెల్‌కీ +5 రాకపోతే నీ క్యారెక్టర్ చివరికి పనికిరాదు అని. ఈ సలహా తప్పని నేను అంటున్నాను. ప్లాన్ అక్కర్లేదని కాదు. ప్లాన్ చేయాల్సింది క్లాస్ ఎంచుకునే ఆ ఒక్క స్క్రీన్ మీద, ప్రతి లెవెల్ మధ్యలో కాదు.

సిస్టమ్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఆటలో 21 స్కిల్స్ ఉన్నాయి, అందులో క్లాస్‌తో పాటు ఎంచుకునే 7 మీ మేజర్ స్కిల్స్, మిగతావి మైనర్లు. మేజర్లు అన్నీ కలిపి 10 సార్లు పెరిగాక పడుకుని లేస్తే లెవెల్ పెరుగుతుంది. అప్పుడు స్ట్రెంత్ (బలం), ఎండ్యూరెన్స్ (తట్టుకునే శక్తి) లాంటి 8 యాట్రిబ్యూట్‌లలో మూడింటిని పెంచుకోవచ్చు. ఎంత పెరగాలన్నది ఆ లెవెల్‌లో ఆ యాట్రిబ్యూట్‌కు చెందిన స్కిల్స్ ఎన్నిసార్లు పెరిగాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కసారీ పెరగకపోతే +1, 1 నుంచి 4 సార్లయితే +2, 5 నుంచి 7కి +3, 8 లేదా 9కి +4, 10 వస్తే +5. మైనర్ స్కిల్స్ కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మూడు యాట్రిబ్యూట్‌లకూ +5 రావాలంటే మొత్తం 30 సార్లు స్కిల్ పెరగాలి. మేజర్ల నుంచి వచ్చేది 10 కాబట్టి మిగతా 20 మైనర్ల నుంచి లాగాలి. డాలు పట్టుకుని, మడ్‌క్రాబ్ అనే పీత దెబ్బలు కాచుకుంటూ గంటలు గంటలు నిలబడటం ఆ 20 కోసమే.

అంత కష్టపడి తెచ్చుకున్న యాట్రిబ్యూట్ ఏం చేస్తుందో చూడండి. స్ట్రెంత్ 50 నుంచి 100కి వెళ్తే కత్తి డ్యామేజ్ 25 శాతం పెరుగుతుంది. బ్లేడ్ స్కిల్ 50 నుంచి 100కి వెళ్తే దాదాపు 80 శాతం పెరుగుతుంది. అంటే డ్యామేజ్ ఎక్కువగా స్కిల్‌లో ఉంది. నోట్‌బుక్ మాత్రం యాట్రిబ్యూట్ చుట్టూ తిరుగుతుంది.

నిజంగా ముంచేది వేరే. ఈ ఆటలో ప్రపంచం మీ లెవెల్‌తో పాటే పెరుగుతుంది. మేజర్లుగా స్పీచ్‌క్రాఫ్ట్, మర్కంటైల్, అథ్లెటిక్స్, యాక్రోబాటిక్స్ లాంటివి పెట్టుకున్నారనుకోండి. మీరు నడుస్తుంటే, గెంతుతుంటే, బేరమాడుతుంటే లెవెల్ పెరిగిపోతుంది. దారిలో బందిపోట్ల ఒంటి మీదికి గ్లాస్ కవచాలు వచ్చేస్తాయి, మీ కత్తి మాత్రం మొదట్లో ఎలా ఉందో అలానే ఉంటుంది. కొత్తవాళ్ల క్యారెక్టర్లు చచ్చేది ఇందువల్లే. +5 రాక కాదు.

కాగితం కలం

స్ట్రెంత్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఎండ్యూరెన్స్ మాటే ఎత్తలేదు, నోట్‌బుక్ పట్టుకునేవాళ్ల వాదన మొత్తం నిలబడేది దాని మీదే.

ప్రతి లెవెల్‌కీ మీ హెల్త్‌కు కలిసేది అప్పుడున్న ఎండ్యూరెన్స్‌లో పదో వంతు. తర్వాత ఎండ్యూరెన్స్ పెంచుకున్నా, దాటిపోయిన లెవెల్స్‌లో తగ్గింది మళ్లీ రాదు. లెక్క వేసి చూపిస్తాను. ఇద్దరు ఆటగాళ్లకూ మొదట్లో ఎండ్యూరెన్స్ 40. ఒకరు వచ్చిన ప్రతి లెవెల్‌కీ +5 పెట్టి, 13వ లెవెల్‌కే 100కి చేరారు. ఇంకొకరు 13వ లెవెల్ దాకా దాన్ని ముట్టుకోకుండా, ఆ తర్వాత +5 చొప్పున పెంచి 25వ లెవెల్‌కు 100కి వచ్చారు. 25వ లెవెల్‌లో స్టాట్స్ స్క్రీన్‌లో ఇద్దరి ఎండ్యూరెన్స్ ఒకటే. హెల్త్‌లో మాత్రం 72 పాయింట్ల తేడా. మొదటి వ్యక్తికి సుమారు 400 ఉంటే రెండో వ్యక్తికి సుమారు 330. ఇక ఎప్పటికీ ఆ తేడా పూడదు.

పైగా శత్రువులు ఆగరు. గోబ్లిన్ వార్‌లార్డ్ లాంటివాటి హెల్త్ మీ లెవెల్‌తో పాటు పెరుగుతూనే ఉంటుంది. ముందు నుంచీ లెక్క ప్రకారం ఆడినవాళ్లకు అది పెద్ద విషయం కాదు. ఆడనివాళ్లకు 25 దాటాక ప్రతి గుహా ఓ టెన్షన్.

ఆ మడ్‌క్రాబ్ విషయానికొస్తే, మీకు విసుగనిపించింది నాకు ఇష్టం. ప్లాన్ వేసుకోవడం, అది ఒక్కో లెవెల్‌లో నిజం కావడం చూడటం, ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం అదే. గ్రైండ్ చేసేవాళ్లంతా ఆటను పాడుచేసుకుంటున్నారని అనకండి.

ఏడో ఖడ్గం

గ్రైండ్ ఇష్టమైనవాళ్లు హాయిగా చేయండి, దాని మీద నాకు అభ్యంతరం లేదు. అది తప్పనిసరి అని కొత్తవాళ్లకు చెప్పడం మీదే నా గొడవ.

మీ 72 పాయింట్లు సరైనవే. కానీ అది పూర్తిగా +5 పెట్టినవాళ్లకూ, అసలు ముట్టుకోనివాళ్లకూ మధ్య తేడా. మామూలుగా ఆడేవాళ్లు ఆ మధ్యలో ఎక్కడో ఉంటారు. 400 మీద 72 అంటే ఐదో వంతు కూడా లేదు. ఈ ఆటలో ఆర్మర్ రేటింగ్ 85 దాకా వెళ్తుంది, అంటే మీ మీద పడే ఆయుధం దెబ్బలో 85 శాతం ఆగిపోతుంది. మంచి ఆర్మర్ ఉన్నవాళ్లకు ఆ ఐదో వంతు హెల్త్ కనిపించదు కూడా. ఇక గ్రాండ్ సోల్ జెమ్‌తో (వస్తువులకు మంత్రశక్తి ఎక్కించే రాయి) ఒక్కో వస్తువుకు 20 శాతం చొప్పున ఐదు వస్తువుల మీద కమీలియన్ (కనిపించకుండా చేసే మంత్రం) ఎన్‌చాంట్ చేస్తే, మిమ్మల్ని ఎవరూ చూడలేరు, కొట్టలేరు. అది ఆటను చప్పగా చేస్తుంది, నేను వాడను. కానీ క్యారెక్టర్ పాడైపోయిందని భయపడాల్సిన అవసరం లేదనడానికి ఇది చాలు.

నీలి గుడ్లగూబ

ఒక చిన్న మాట. ఇదే సిరీస్‌లో ముందు వచ్చిన, 2002 నాటి మోరోవిండ్‌లో కూడా ఇదే +5 లెక్క ఉంది, ఇదే ఎండ్యూరెన్స్ సమస్య ఉంది. అక్కడ మాత్రం ప్రపంచంలో చాలా భాగం మీ లెవెల్‌ను పట్టించుకోదు, పైగా ట్రైనర్ల దగ్గర డబ్బున్నంతసేపు నేర్చుకోవచ్చు. అందుకే అక్కడ లెక్క రాసినా రాయకపోయినా చివరికి మీరే గెలుస్తారు. ఆబ్లివియన్‌లో లెవెల్‌కు 5 ట్రైనింగ్‌లే. ఒకే లెక్క రెండు ఆటల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. సలహా ఇచ్చేటప్పుడు ఏ ఆట గురించో ముందు చెప్పండి.

కొత్త మంత్రగత్తె

నేను ఇప్పుడు ఆడుతున్నది పాత 2006 వెర్షనే. బ్రెటన్ జాతి మేజ్ (మంత్రగత్తె), లెవెల్ 14. మేజర్లు డిస్ట్రక్షన్, మిస్టిసిజం, ఆల్కెమీ, స్పీచ్‌క్రాఫ్ట్, మర్కంటైల్, అథ్లెటిక్స్, యాక్రోబాటిక్స్. డిస్ట్రక్షన్ 38 దగ్గరే ఉంది. దారిలో బందిపోట్లు రెండు మూడు దెబ్బలకే పడగొడుతున్నారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? ఈ క్యారెక్టర్‌తో చాలా క్వెస్టులు చేశాను, వదలాలనిపించడం లేదు.

ఏడో ఖడ్గం

వదలకండి. మీ పరిస్థితికి మందు ఈ సిస్టమ్‌లోనే ఉంది.

ముందుగా, పడుకోకండి. మీరు మంచం ఎక్కనంతవరకు లెవెల్ 14లోనే ఉంటారు, ప్రపంచం కూడా 14లోనే ఉంటుంది. ఈ లోపు మీ మైనర్ స్కిల్స్ చూసుకోండి. కాంజురేషన్ (జీవులను పిలిపించడం), రెస్టొరేషన్ (గాయాలు మాన్పడం) మీకు మైనర్లు. వాటిని ఎంత పెంచినా లెవెల్ పెరగదు. అంటే శత్రువులు ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా మీరు మాత్రం బలపడతారు. ముందుగా పిలిపించిన జీవి దెబ్బలు తింటుంటే వెనక నుంచి మీరు మంత్రాలు వేయండి, బ్రెటన్ మేజ్‌కు ఇది చాలా బాగా సరిపోతుంది. తక్కువ ఖర్చు హీలింగ్ మంత్రం దారి పొడవునా వేస్తూ వెళ్తే రెస్టొరేషన్ దానంతటదే పెరుగుతుంది.

ఈ లెవెల్‌కు మీకున్న 5 ట్రైనింగ్‌లూ డిస్ట్రక్షన్‌కే పెట్టండి. తర్వాత మేజెస్ గిల్డ్‌లో (మంత్రగాళ్ల సంఘం) ఏడు నగరాల నుంచీ సిఫారసులు తెచ్చుకుని ఆర్కేన్ యూనివర్సిటీలోకి వెళ్లండి. అక్కడ మీ మంత్రాలు మీరే తయారు చేసుకోవచ్చు. ఒకే మంత్రంలో మ్యాజిక్‌కు బలహీనత, నిప్పుకు బలహీనత పెట్టి ముందు అది వేయండి, ఆ తర్వాత నిప్పు మంత్రం. మీ డిస్ట్రక్షన్ దెబ్బ ఎంత మారుతుందో మీరే చూస్తారు. ఇక్కడ ఏ యాట్రిబ్యూట్‌కూ +5 అక్కర్లేదు.

కాగితం కలం

ఈ సలహాతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్కచోట తప్ప. పడుకోకుండా ఉండటానికి ఒక ధర ఉంది. 10 దాటిన మేజర్ పెరుగుదలలు తర్వాతి లెవెల్‌కు వెళ్తాయి, కానీ ఆ స్కిల్స్ ఇచ్చే యాట్రిబ్యూట్ లెక్క ఈ లెవెల్‌తోనే ముగిసిపోతుంది. అథ్లెటిక్స్ మేజర్‌గా ఉన్నవాళ్లు నడిచినంతసేపూ అది పెరుగుతూనే ఉంటుంది. చాలా రోజులు ఆగి పడుకుంటే వరసగా రెండు మూడు లెవెల్స్ వస్తాయి, వెనక వచ్చిన లెవెల్స్‌కు బోనస్‌లు చాలా చిన్నవి. మైనర్లు కొంచెం బలపడగానే పడుకోండి, నెలలు ఆగకండి.

తక్కువ లెవెల్‌లోనే ఉండిపోవడం కూడా ఊరికే రాదు. క్వెస్ట్ బహుమతులు మీరు తీసుకున్నప్పటి లెవెల్‌తోనే ఉండిపోతాయి, తర్వాత పెరగవు. బోయెథియా, క్లావికస్ వైల్ లాంటి డెయిడ్రా (దేవతల్లాంటి శక్తులు) క్వెస్టులు 20వ లెవెల్ దాకా తెరుచుకోవు కూడా. ఇంకోవైపు క్వాచ్ నగరం దగ్గరి గేట్ (రాక్షసలోకపు ద్వారం) మాత్రం తక్కువ లెవెల్‌లోనే మూసేయాలి. 3వ లెవెల్‌లో అక్కడ స్కాంప్‌లనే చిన్న రాక్షసులే ఉంటాయి, పెద్ద లెవెల్‌లో వెళ్తే మీ పక్కన పోరాడే సైనికులు మీ కళ్ల ముందే పడిపోతారు. నాకు ఆ సైనికులంటే చాలా ఇష్టం, వాళ్లు బతకాలనే ప్రతిసారీ ముందుగా అక్కడికే వెళ్తాను.

పాత కవచం

2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్ (కొత్త వెర్షన్) ఈ గొడవను తేల్చేసింది కదా? లెవెల్‌కు 12 పాయింట్లు ఇస్తారు. మూడు యాట్రిబ్యూట్‌ల మీద పంచుకోవచ్చు, ఒక్కోదానికి గరిష్ఠంగా 5. లక్‌కు మాత్రం ఒక్క పాయింట్ పెంచాలంటే 4 ఖర్చవుతాయి. ఏ స్కిల్ ఎన్నిసార్లు పెరిగిందో లెక్క అక్కర్లేదు. తయారుచేసినవాళ్లే ఆ లెక్క తీసేశారంటే, అది ఆటగాళ్లను ఇబ్బంది పెట్టిందని వాళ్లూ ఒప్పుకున్నట్టే.

కాగితం కలం

+5 లెక్క తీసేసింది, నిజమే. కానీ రీమాస్టర్‌లో మైనర్ స్కిల్స్ కూడా లెవెల్‌ను ముందుకు తోస్తాయి. అంటే ఇప్పుడే ఖడ్గం గారు చెప్పిన 'మైనర్లు పెంచుకుని శత్రువులను ఆపేయడం' అక్కడ కుదరదు. పోరాటంలో పనికిరాని స్కిల్ ఏది పెంచినా ప్రపంచం కదులుతుంది. లెక్క రాయక్కర్లేదు కానీ ఏ స్కిల్ మీద సమయం పెడుతున్నామో చూసుకోవాల్సిన పని పోలేదు.

ఏడో ఖడ్గం

నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. +5 లెక్కలు తీసేసినా క్లాస్ నిర్ణయం అలాగే మిగిలింది. పాత వెర్షన్ మొదలుపెట్టే ఎవరికైనా నా సలహా ఇది: మేజర్లలో పోరాటానికి రోజూ పనికొచ్చేవి నాలుగు పెట్టండి. మిగతా మూడు, మీ ఇష్టంతో తప్ప వాటంతట అవి పెరగనివి పెట్టండి. అథ్లెటిక్స్, యాక్రోబాటిక్స్ మాత్రం వద్దు, అవి మీ మాట వినవు.

పూర్తిగా వాడని స్కిల్స్ మాత్రమే మేజర్లుగా పెట్టి, అసలు వాడేవన్నీ మైనర్లలో దాచే పద్ధతి కూడా ఒకటి ఉంది. దానికి నేను వ్యతిరేకం. మేజర్ స్కిల్ 25 దగ్గర మొదలవుతుంది, మైనర్ 5 దగ్గర. కత్తి పట్టే క్యారెక్టర్‌ను బ్లేడ్ 5తో జైల్లోంచి బయటికి పంపడం నాకు నచ్చదు, అంకెల మీద ఎంత ప్రేమ ఉన్నా.

కాగితం కలం

ఆ పద్ధతి నేనూ వాడను. ఎండ్యూరెన్స్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. మూడు +5లు అక్కర్లేదు, ఒప్పుకున్నాను. ఆ ఒక్కదానికి, 100 చేరేదాకా, +5 పెట్టండి. మిగతా రెండింటికీ ఏది వస్తే అది.

కొత్త మంత్రగత్తె గారూ, ఇంకోసారి బ్రెటన్‌తో మొదలుపెడితే ఇది గుర్తుంచుకోండి. బ్రెటన్‌కు ఎండ్యూరెన్స్ 30 మాత్రమే. లేడీ జన్మరాశి తీసుకుంటే 10, ఇష్టమైన యాట్రిబ్యూట్‌గా పెట్టుకుంటే ఇంకో 5, మొత్తం 45తో బయటికి వస్తారు. మ్యాజికా కొంచెం తగ్గుతుంది కానీ మొదటి పది లెవెల్స్ బతకడం సులువు.

కొత్త మంత్రగత్తె

ఇప్పుడున్న క్యారెక్టర్‌నే కొనసాగిస్తున్నాను. ఒక్క సందేహం. నేను హెవీ ఆర్మర్ వేయను, డాలు పట్టను. మరి ఎండ్యూరెన్స్‌కు +5 ఎలా వస్తుంది?

కాగితం కలం

ఆర్మరర్‌తో. ఎండ్యూరెన్స్ కింద ఉండే మూడు స్కిల్స్ ఆర్మరర్, బ్లాక్, హెవీ ఆర్మర్. మొదటిది మేజ్‌కు కూడా బాగా పనికొస్తుంది. ఈ లెవెల్‌కు మీ ట్రైనింగ్‌లు డిస్ట్రక్షన్‌కు వెళ్లిపోయాయి కాబట్టి తర్వాతి లెవెల్ నుంచి మొదలుపెట్టండి. 5 ట్రైనర్ దగ్గర కొనుక్కోండి, మిగతా 5 గుహల్లో దొరికిన విరిగిన కత్తులు, కవచాలు బాగుచేస్తూ తెచ్చుకోండి. బాగుచేసినవి ఎక్కువ ధరకు అమ్ముడవుతాయి, ట్రైనింగ్ డబ్బు అందులోంచే వస్తుంది. మొదట్లో బాగుచేసే హ్యామర్లు తరచూ విరుగుతాయి, డజన్ల కొద్దీ కొని పెట్టుకోండి. స్కిల్ 25 దాటాక రెండింతలు మన్నుతాయి. 50 చేరాక మ్యాజిక్ ఉన్న వస్తువులను కూడా మీరే బాగుచేసుకోవచ్చు.